మెట్టచేలో చీమలు - ఏది చుట్టం? ఏది దొంగ?

అనంతపురం: పొడిదుక్కిలో విత్తనం వేసి ఆకాశం వంక చూసే మెట్టరైతుకు చీమల బారు కనిపించిందంటే గుండె గుభేలుమంటుంది. వాన రావలసిన చోటికి వానకంటే ముందు చీమ వస్తుంది. కొర్ర, నువ్వు వంటి సన్నగింజ అయితే మొలక రాకముందే చాళ్లు ఖాళీ అవుతాయి. అందుకే కనిపించిన ప్రతి చీమల కన్నంలో మందు పొయ్యడం చాలా గ్రామాల్లో పరిపాటి అయిపోయింది. వెనుకటి రోజుల్లో బి.హెచ్.సి. పొడి చల్లేవారు. దానిని ప్రభుత్వం 1997లో నిషేధించింది. పొడి పోయింది గాని అలవాటు మాత్రం పోలేదు. ఇంట్లో మిగిలిన పురుగుమందు ఏదైతే అది నీళ్లలో కలిపి కన్నంలో పోసేవారు నేటికీ ఉన్నారు.

అయితే ఆ కన్నంలో ఉన్నది ఏ చీమ? గింజలు మోసే చీమా, చెదలను వేటాడే చీమా, లేక పైరుతో ఏ జోలీ లేకుండా చచ్చిన పురుగులు ఏరుకు తినే చీమా? ఇది చూసుకోకుండా మందు పోస్తే ఒక్కొక్కప్పుడు దొంగను వదిలి కాపలాదారును చంపినట్టు అవుతుంది.

మన దేశంలో చీమలు ఒకటి రెండు రకాలు కావు. 2016లో ప్రచురించిన జాబితా ప్రకారం జాతులు, ఉపజాతులు కలిపి 828. వాటిలో మన జిల్లాలో ఎన్ని ఉన్నా, రైతు తప్పనిసరిగా గుర్తుపట్టవలసినవి పదికి మించవు. గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక భూతద్దం, కాస్త ఓపిక ఉంటే చాలు.

నీరు ఇంకే దారి

చీమలన్నీ పోతేనేం, పీడ విరగడవుతుంది కదా అనేవారు ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశోధన సంగతి తెలుసుకోవాలి. ఆ దేశపు పడమటి భాగంలో వానలు తక్కువగా పడే గోధుమ పొలాల్లో శాస్త్రవేత్తలు కొన్ని మళ్లలో మందు వేసి చీమలను, చెదలను లేకుండా చేశారు. మరికొన్ని మళ్లలో వాటి మానాన వాటిని వదిలేశారు. చీమలూ చెదలూ ఉన్న మళ్లలో దిగుబడి 36 శాతం ఎక్కువ వచ్చింది. ఈ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. అవి నేలలో తవ్విన సన్నని సొరంగాల గుండా వాననీరు లోపలికి దిగడం, నేలలో నత్రజని పెరగడం ఇందుకు కారణాలని తేలింది.

అది గోధుమ, అక్కడి నేల వేరు. ఆ 36 శాతం లెక్క మన వేరుశనగకు ఉన్నదున్నట్టు వర్తిస్తుందని ఎవరూ చెప్పలేరు. కాని ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే జిల్లా మనది. పడిన కాస్త వానా పైపైన పారి వంకలో కలిసిపోకుండా నేలలోకి దిగాలంటే దారి కావాలి. ఎర్రనేల పైన గట్టిపడి పొర కట్టినచోట ఆ దారి వేసేది ఎవరో ఒక్కసారి వంగి చూస్తే తెలుస్తుంది.

పుట్ట పెట్టేది చీమ కాదు

ముందుగా ఒక పొరపాటు దిద్దుకోవాలి. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరాయని మన సామెత. నిజానికి ఆ ఎత్తయిన మట్టి పుట్టలను పెట్టేవి చెదలు. చెదపురుగును తెల్లచీమ అనడం కూడా ఉంది గాని, అది చీమ జాతి కానే కాదు. దాని దగ్గరి చుట్టం బొద్దింక. చీమకేమో కందిరీగ చుట్టం.

రెండింటినీ వేరు చెయ్యడం సులువు. చీమ నడుము దారంలా సన్నం, చెదపురుగు నడుము మొద్దు. చీమ మీసం మోచెయ్యిలా మధ్యలో వంగి ఉంటుంది, చెదపురుగు మీసం పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటుంది. తొలకరి రాత్రి దీపం చుట్టూ మూగే ఉసిళ్లు చెదపురుగులే. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవు. రెక్కల చీమలకైతే ముందు రెక్కలు పెద్దవి, వెనుకవి చిన్నవి. ఇంకొక గుర్తు: చీమ బాహాటంగా తిరుగుతుంది, చెదపురుగు మట్టితో గూడు కప్పుకొని ఆ చాటునే పని చేస్తుంది.

ఈ తేడా తెలియక నష్టపోయేది వేరుశనగ రైతే. కాయ ఊరే దశలో బెట్ట తగిలితే చెదలు నేలలోనే కాయ పైతోలును గీకి తింటాయి. నరాలు మాత్రం మిగిలి కాయ జల్లెడలా కనిపిస్తుంది. అలా బలహీనపడిన తొక్క గుండా బూజు లోపలికి పోయి, పలుకులో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. కోత ఆలస్యమైన కొద్దీ ఈ గీకుడు ఎక్కువవుతుంది. కాయలు పీకినప్పుడు చేలో తిరిగే చీమలను చూసి, ఇదంతా చీమల పనే అనుకోవడం కద్దు. ఆ చీమల్లో కొన్ని వచ్చింది చెదల కోసమే కావచ్చు.

గుర్తుపట్టే పద్ధతి

చీమను భూతద్దం కింద పెట్టి మొట్టమొదట నడుము చూడాలి. రొమ్ముకూ పొట్టకూ మధ్య ముడి ఒకటి ఉందా, రెండు ఉన్నాయా? గండుచీమకు ఒకటే ముడి. గింజలు మోసే చీమల్లో ఎక్కువ భాగానికీ, కొరివిచీమకూ రెండు. ఈ ఒక్క గుర్తుతోనే సగం పని అయిపోతుంది. తరువాత చూడవలసింది కొలువులో అందరూ ఒకే సైజులో ఉన్నారా, లేక పెద్ద తలకాయ సిపాయిలు వేరే ఉన్నారా అన్నది. మూడోది కన్నం. అసలు చీమకంటే కన్నమే ఎక్కువ కబుర్లు చెబుతుంది. దాని చుట్టూ పొట్టు ఉందా, ఈకలు ఉన్నాయా, వదులు మట్టి ఉందా అన్నది గమనిస్తే లోపలివాళ్ల వృత్తి ఏమిటో చాలావరకు బయటపడుతుంది.

పేర్ల విషయంలో ఒక మాట. చలిచీమ, కండచీమ, గండుచీమ, ఎర్రచీమ - ఈ పేర్లు ఊరూరికీ మారతాయి. ఒక ఊరి ఎర్రచీమ ఇంకొక ఊరి కొరివిచీమ. కాబట్టి పేరుకంటే గుర్తులే నమ్మకం.

గింజలు మోసేవి: కన్నం చుట్టూ గుండ్రంగా గడ్డిగింజల పొట్టు, ఊక కుప్పగా పడి ఉంటే అది గింజల చీమ ఇల్లు. వీటిలో ట్రైకోమిర్మెక్స్ అనే జాతి మెట్ట ప్రాంతాలకు అలవాటైనది. కన్నం నుంచి బయలుదేరే బాట గడ్డీ గరికా లేకుండా నున్నగా, బండ్లబాటలాగా ఉంటుంది. ఫైడోల్ అనే మరో తెగ చీమల్లో పనివాళ్లు చిన్నవి, సిపాయిలకు మాత్రం ఒంటికి మించిన తలకాయ. వీటిలో ఒకదానిని పూనా వైపు గమనించిన కర్నల్ సైక్స్ అనే ఆంగ్లేయుడు 1835లో దానికి 'ముందుచూపు గలది' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. వానకు తడిసిన గింజలను అవి పైకి తెచ్చి ఎండలో ఆరబెట్టి, మళ్లీ లోపలికి చేర్చడం ఆయన కళ్లారా చూశాడు. కళ్లంలో గింజ ఆరబోసే మన ఆడవాళ్లకు ఈ సంగతి వింతగా తోచకపోవచ్చు.

మంద చీమ అనదగినది ఇంకొకటి ఉంది. ముందు భాగం ఎరుపు, పొట్ట నలుపు, ఒళ్లంతా నూగు. నడక నత్తనడక. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకొని చచ్చినట్టు పడి ఉంటుంది. శాస్త్రవేత్తలు దీనిని మెరానోప్లస్ బైకలర్ అంటారు. ఇదీ గింజలు మోస్తుంది గాని పెద్ద నష్టం చేసే రకం కాదు.

ఇక్కడ రైతు గమనించవలసినది ఒకటుంది. ఈ చీమలు కొర్రనైనా కలుపుగింజనైనా మోస్తాయి. ఏడాదిలో మన విత్తనం నేల మీద ఉండేది కొద్ది రోజులే. మిగిలిన రోజులన్నీ అవి ఎత్తుకుపోయేది గడ్డిగింజలనూ కలుపుగింజలనూ. వేరుశనగ పలుకు ఎత్తడం వాటి వల్ల కాదు. కనుక భయమంతా సన్నగింజకే.

కొరివిచీమ: నిప్పురవ్వ పడ్డట్టు కుట్టే ఈ ఎర్రచీమకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సాలెనాప్సిస్ జెమినేటా. నడుముకు రెండు ముడులు, తోకవైపు ముల్లు. కొలువులో చిన్నవీ పెద్దవీ కలగాపులగంగా ఉంటాయి. కన్నాలు అనేకం, చుట్టూ వదులు మట్టి. పుట్టిల్లు అమెరికా ఖండం. ఓడల్లో సరుకులతోపాటు లోకమంతా పాకింది. గింజలు ఎత్తుతుంది, లేత మొక్కను కొరుకుతుంది, కూలీల కాళ్లను పట్టుకుంటుంది. బిందుసేద్యం రైతులకు ఇంకొక మాట: హవాయి దీవుల చెరకు తోటల్లో ఈ చీమ డ్రిప్పు గొట్టాలను కొరికి చిల్లులు పెట్టినట్టు అక్కడి పరిశోధకులు నమోదు చేశారు. మన తోటల్లో గొట్టం కారుతుంటే ఉడుత మీదో ఎలుక మీదో నెపం వేసే ముందు, కారిన చోట మట్టి తవ్వి చూడడం మంచిది.

గండుచీమ: అందరికీ తెలిసినదే. నల్లగా, పెద్దదిగా, తుమ్మ మొదట్లోనో గట్టు కిందో కాపురం. శాస్త్రీయ నామం కాంపొనోటస్ కంప్రెసస్. దీనికి ముల్లు లేదు. కరిచి, ఆ గాటులో ఆమ్లం చిమ్ముతుంది, అందుకే మంట. ఇది గింజల జోలికి పోదు. దీని వ్యసనం తీపి. పేనుబంక విసర్జించే తేనెలాంటి జిగురు కోసం ఆ పురుగులకు కాపలా కాస్తుంది, శత్రువులను తరిమేస్తుంది. చేలో ఏదైనా మొక్క మీదికి గండుచీమలు పదే పదే ఎక్కి దిగుతున్నాయంటే ఆ కొమ్మ చివర పేనుబంక ఉందన్నమాట. చీమను చంపినందువల్ల పేనుబంక పోదు. అది చూపించిన కొమ్మను తుంచి పారేస్తే సరిపోతుంది. ఆ లెక్కన గండుచీమ మనకు ఖర్చులేని వార్తాహరుడు.

చెట్టు కొమ్మల మీద గుండె ఆకారపు పొట్టను వీపు మీదుగా పైకెత్తి బెదిరించే చీమ క్రిమటోగాస్టర్. దానిదీ ఇదే వ్యాపారం.

చెదల వేటగాళ్లు

చంపకూడని చీమ ఒక్కటే చెప్పమంటే, లెప్టోజెనిస్ ప్రాసెషనాలిస్ అని చెప్పాలి. పేరు నోరు తిరగదు గాని గుర్తు సులువు. నల్లని ఒళ్లు, దాని మీద ఉక్కులాంటి మెరుపు, ఒకే సైజు. వందలకొద్దీ వరసగట్టి పదుల మీటర్ల దూరం కవాతు చేస్తాయి. వెళ్లేటప్పుడు నోరు ఖాళీ, వచ్చేటప్పుడు ఒక్కొక్క చీమ నోట తెల్లని చెదపురుగు. చల్లని వేళ, మబ్బు పట్టినప్పుడు ఈ ఊరేగింపు చూడవచ్చు. అడ్డం పోతే గట్టిగా కుడుతుంది, దాంతో దీనిమీద జనానికి కోపం. పక్కనున్న బెంగుళూరులో శాస్త్రవేత్తలు వీటి బాటలు కొమ్మలు కొమ్మలుగా ఎందుకు చీలతాయో పరిశీలించి 1991లో వ్యాసం ప్రచురించారు.

ఈ చీమకు మొదట పేరు పెట్టినది డాక్టర్ జెర్డాన్. ఈ పేరు మన వైపు కొత్తది కాదు. కడప జిల్లాలో 1986లో మళ్లీ కనిపించి దేశాన్ని ఆశ్చర్యపరచిన కలివికోడిని మొట్టమొదట లోకానికి తెలియజేసినది కూడా ఆయనే. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన రోజుల్లో అక్కడి యానాదులను అడిగి జంతువులు, పక్షుల సంగతులు తెలుసుకునేవాడు. దక్షిణదేశపు చీమల జాబితా 1851లో మద్రాసు పత్రికలో ప్రకటించాడు. అందులో కొత్తవి నలభైకి దగ్గర. ఆ జాబితాలో ఆయన వర్ణించిన ఒక ఎర్రచీమ మనం పైన చెప్పుకున్న కొరివిచీమేనని తరువాతి వారు నిర్ణయించారు. అంటే అది మన దేశానికి వచ్చి నూటడెబ్బై ఏళ్లు దాటిందన్నమాట.

కన్నం చుట్టూ ఈకలు, ఎండుపుల్లలు, చచ్చిన చీమల డొక్కలు పేర్చి ఉంటే అది డయాకమ్మా ఇల్లు. బూడిదనలుపు రంగు, ఒంటరి వేట, నిదానపు నడక. ఈకలు అలంకారం కోసమని అనుకునేవారు. మార్క్ మోఫెట్ అనే అమెరికన్ పరిశోధకుడు మన దేశంలో దీనిని పరిశీలించి 1985లో అసలు సంగతి రాశాడు. తెల్లవారుజామున ఈకల మీద మంచుబొట్లు పడతాయి. చీమలు వాటిని నోట కరిచి లోపలికి తీసుకుపోతాయి. ఎండాకాలంలో వాటికి అదే చెలమ. బోర్లు ఎండిన ఊళ్లో ఈకతో నీరు పట్టే జీవి ఉన్నదంటే ఆశ్చర్యమే. పైగా ఈ చీమల్లో రాణి అంటూ ప్రత్యేకంగా పుట్టదు. పనిచేసే చీమల్లోనే ఒకటి గుడ్లు పెడుతుంది. పురుగులను తిని బతికే ఈ చీమతో పైరుకు ఏ బాధా లేదు.

ఎడారి చీమలు, వలస చీమలు

బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలను చూసినవారు ఇది ఎడారే అంటారు. చూపుకు అలాగే ఉన్నా, చీమల లెక్కలో మనది ఇంకా మెట్టనేల. అసలైన ఎడారి చీమ కటాగ్లిఫిస్. మన దేశంలో రాజస్థాన్, గుజరాత్ వైపు ఉంటుంది. పొడుగు కాళ్లు, పైకెత్తిన పొట్ట, మిట్టమధ్యాహ్నపు పరుగు. దాని బంధువు, సహారా ఎడారి వెండిచీమ, ఒంటి వేడి 53 డిగ్రీలయ్యేదాకా తట్టుకుంటుంది. ఇసుకలో బాట నిలవదు కాబట్టి ఈ జాతి చీమలు ఆకాశపు వెలుగును బట్టి దిక్కు, అడుగుల లెక్కను బట్టి దూరం తెలుసుకుంటాయి. 2006లో ట్యునీషియాలో శాస్త్రవేత్తలు చీమల కాళ్లకు పందివెంట్రుకలు అతికించి మరుగుజ్జు చీమను మరగాళ్ల చీమగా మార్చారు. అడుగు పొడవు పెరగడంతో పాపం అవి ఇల్లు దాటి ముందుకు పోయాయి.

మన వైపు ఇష్టం వచ్చినట్టు వంకర టింకరగా పరుగెత్తే చిన్న నల్లచీమ కనిపిస్తే అది కటాగ్లిఫిస్ కాదు, లోకమంతా ఉన్న పిచ్చిచీమ. దానితో పేచీ లేదు. జాగ్రత్త పడవలసినది దాని పేరే పంచుకున్న పసుపు పిచ్చిచీమతో. లేత పసుపు ఒళ్లు, మరీ పొడుగు కాళ్లు, పొడుగు మీసాలు. కుట్టదు, ఆమ్లం చిమ్ముతుంది. తమిళనాడులో దిండుగల్ జిల్లా కరంతమలై అడవి పక్క గ్రామాల్లో 2022లో ఇవి లక్షలుగా పెరిగి పశువుల కళ్లనూ, పైరునూ, మనుషులనూ బాధపెట్టాయి. తేమ ఉన్న చోటు వీటికి ఇష్టం. కాబట్టి మెట్టచేలకంటే తోటలున్నవారు, బయటి నర్సరీల నుంచి మొక్కలు తెచ్చేవారు వేళ్ల మట్టి ఒకసారి చూసుకోవాలి.

వేరుశనగ కాయకు గుండ్రంగా కన్నం పెట్టి పలుకు తినే గుడ్డి ఎర్రచీమ, డొరైలస్, నేలలోపలే తిరుగుతుంది. అస్సాం వైపు బంగాళాదుంపకు దీని బెడద ఎక్కువ. గీకిన కాయ చెదల గుర్తు, కన్నం పడిన కాయ దీని గుర్తు.

మందు లేకుండా

చేలో ఏ చీమలున్నాయో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఉదయం ఎండ ముదరకముందు మూడు ఆకులు పరిచి ఒకదానిపై బెల్లం, ఒకదానిపై గుప్పెడు కొర్రలు, ఒకదానిపై ఎండుచేప ముక్క పెట్టాలి. గంట తరువాత చూస్తే తీపికి వచ్చేవి, గింజకు వచ్చేవి, మాంసానికి వచ్చేవి వేరువేరుగా తేలతాయి. కొర్రల ఆకు ఖాళీ అయితేనే విత్తనానికి భయం. ఆ చీమలు ఏ కన్నంలోకి పోతున్నాయో వెంట పోయి చూస్తే, కాపాడుకోవలసిన చాళ్లు ఎన్నో తెలుస్తుంది. చేనంతా మందు పొయ్యవలసిన అవసరం కనిపించదు.

వానకు ముందే విత్తేవారికి విత్తన గుళికలు ఉపాయం. ప్రకృతి సేద్యం చేసే రైతులు బంకమట్టి, బూడిద, బీజామృతం కలిపి గింజకు పూత పట్టించి చల్లుతున్నారు. పూత పట్టిన గింజను చీమ అంత సులువుగా పసిగట్టదు, పట్టి ఎత్తలేదు. చెదలకైతే పచ్చిపేడ చేలో వెయ్యకుండా బాగా చివికిన ఎరువే వాడడం, కాయ ఊరగానే ఆలస్యం చెయ్యకుండా పీకడం అసరమైన జాగ్రత్తలు. అంతకూ మందు తప్పదనిపిస్తే వ్యవసాయాధికారిని అడిగి, ఆ కన్నం వరకే వాడాలి.

చీమ ఏదో తేల్చుకోలేకపోతే నాలుగైదింటిని, సిపాయిలు ఉంటే వాటినీ కలిపి, చిన్న సీసాలో స్పిరిట్ పోసి వేసి ఉంచాలి. మండల వ్యవసాయాధికారి ద్వారా రేకులకుంట వ్యవసాయ పరిశోధనా స్థానంలో చూపించుకోవచ్చు. సీసాలో ఊరి పేరు, తేదీ, నేల రంగు, చేలో ఉన్న పైరు, కన్నం చుట్టూ కనిపించినదేమిటో రాసిన చీటీ వెయ్యడం మరవరాదు. ఆ చీటీ పెన్సిలుతోనే రాయాలి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.